గాలి సెక్షన్

నాయిన డ్యూటీ పేరు వెంటిలేషన్.
మా బస్తీల అందరు గాలి సెక్షన్ అంటరు.
బాయిల, భూమి కింద,
బొగ్గు తీసేసిన గల్లీలకు అడ్డంగ
ఇటుక మీద ఇటుక పెట్టి గోడ కడతడు.
సందుల్ల సున్నం మెత్తి, అరచెయ్యి ఆనించి
ఊపిరి తగుల్తున్నదా అని చూస్తడు.
ఇరవై రెండేండ్ల సంది
గాలి ఆయన్ని అడగకుండ ఎటూ పోదు.

మా ఇంట్లకు మాత్రం దర్జాగ వస్తది.

మే నెల రాజురాల
పదకొండు గంటలకే నెత్తి మీద రేకు టపటపమంటది.
కుట్టుమిషన్ ఇనుము ముట్టుకొని అమ్మ
"ఇంక ఇస్త్రీపెట్టె ఎందుకు" అంటది.
కూలర్ గడ్డి తడిసినంత సేపే చల్లన.
ఆ చల్లన కూడ తలుపు కిందికెల్లి జారి
పక్కింటి వందనా తాయి కోళ్లకు పోతది.
అవి మా గడప బయట వరసగ కూసుంటయి,
కండ్లు మూసుకొని.
బిల్లు మాకొస్తది.

ఒక ఆదివారం
పండ్ల నడుమ సూది పట్టుకొనే అన్నది అమ్మ:
"కంపెనీ గాలికి మూడు షిఫ్టులు కావలి కాస్తవు.
మనింటి గాలికి ఎవడు దిక్కు, ఓదెలూ?"
పేరు పెట్టి పిలిచింది.
నాయిన నవ్వలే.

దేవుని గూట్లకెల్లి ఊదుబత్తి తెమ్మన్నడు.
నేను దండం పెట్టబోతే
"దేవునికి గాదు, తలుపుకు" అన్నడు.

ఫ్యాన్ బంద్ జేసి, కిటికీలు మూసి
గోడ పొంటి మెల్లగ నడిచిన.
పొగ నిటారుగ లేస్తే మంచి గోడ.
ఉలిక్కిపడి పక్కకు ఒరిగితే
అక్కడ నాయిన సుద్దతోని సున్నా చుట్టిండు.
కిటికీ చౌకట్టు కింద ఒకటి,
కూలర్ వైరు దూరిన బెజ్జం కాడ ఒకటి.
రేకు గోడ మీద ఆనిన చోట
పొగ ఒరుగుడు గాదు, ఉరుకుడే.
ఇల్లంత సున్నాలు,
నా లెక్కల పేపర్ తీర్గ.

కొన్ని తావుల సుద్ద పని పడలే.
బొగ్గు ధూళి ముందే గీసి పెట్టింది,
సందు పొడుగూత నల్ల గీత.
నాయిన దాన్ని గోటితోని గీకి వాసన చూసిండు,
ఏ బాయి బొగ్గో పోల్చుకుంటున్నట్టు.

పాత చీరె అంచులు గొట్టం కుట్టి, ఇసుక నింపి
తలుపు అడుగున పామోలె పండవెట్టింది అమ్మ.
బెజ్జానికి సైకిల్ ట్యూబు ముక్క.
బల్లార్షాల తూకానికి కొన్న అట్టలు
రెండు వరసలు, నడుమ బెత్తెడు జాగ ఇడిచి
రేకు కింద వెదురు దబ్బలకు కట్టిండు.
"అట్ట ఏం ఆపుతది? నడుమ కదలని గాలే ఆపుతది."

బాయిల ఏ గాలి కదలకుంటే మనిషి లేవడో
ఆ నిలిచిన గాలినే తెచ్చి
మా నెత్తి మీద దుప్పటి లెక్క పరిచిండు.

రేకు పైన సున్నం మూడు పూతలు.
వందనా తాయి వాకిట్లకెల్లి కేకేసింది:
"కాయ్ హో, లగ్న్ ఆహే కా?"
"పెండ్లి గాదు తాయీ, ఎండ ఎల్లగొడుతున్నం!"

ఒక్కటి మాత్రం మూయలే,
పొయ్యి మీది జాలీ.
నేను అట్టముక్క పట్టుకొస్తే చెయ్యి పట్టుకున్నడు.
ఆయన కొత్తగ చేరిన ఏడు
గాలి తొవ్వ తప్పిన గల్లీల
టిఫిను డబ్బా తెరిచి కూసున్నడట బానయ్య.
మూత మళ్ల పెట్టలేదట.
ఇంతే చెప్పిండు. కొంచెం సేపు ఆగి,
"గాలి రావాలె బిడ్డా. అడిగి రావాలె.
వచ్చే తొవ్వ ఒకటి, పోయే తొవ్వ ఒకటి."

ఇప్పుడు నాలుగింటికే లేచి అమ్మ కిటికీలు తీస్తది,
ఏడు కొట్టంగనే మూస్తది,
పాలగిన్నె మీద మూత పెట్టినట్టు.
జూన్ బిల్లు నూటా ఎనభై తగ్గింది.
మరీ అంత గొప్పేం గాదు.
మూడింటికి ఇంకా చెమట పడుతది.

కాని నైట్ షిఫ్ట్ దిగొచ్చిన నాయిన
పగటి పూట పండుకున్నడు.
నిద్రల గూడ అరచెయ్యి గోడకే ఆనించి ఉన్నది.

కోళ్లు రెండొద్దులు గడప కాడ కూసొని చూసినయి.
మూడో రోజు లేచి
పోస్టాఫీసు దిక్కు పోయినయి.